తెలుగు పీరియడ్‌లో తెలిసి, ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలియక: మోడల్ క్రియల బోధనపై ఒక విమర్శ

పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో ‘కింది వాక్యం ఏ రకమైన వాక్యమో గుర్తించండి’ అనే ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. ‘నువ్వు లోపలికి రావచ్చు’ అంటే అనుమత్యర్థకం. ‘అతడు ఈ మూట మోయగలడు’ అంటే సామర్థ్యార్థకం. ‘ఇక్కడ ఉమ్మివేయరాదు’ అంటే నిషేధార్థకం. ‘సాయంత్రం వాన రావచ్చు’ అంటే సందేహార్థకం. ‘అందరూ సమయానికి రావాలి’ అంటే విధ్యర్థకం. సగటు విద్యార్థి ఈ ప్రశ్నకు పెద్దగా తడబడడు. ఒకే ‘వచ్చు’ ఒకచోట అనుమతి, మరోచోట సందేహం అవుతుందని కూడా అతనికి తెలుసు. గంట మోగుతుంది. తరువాతి పీరియడ్ ఇంగ్లిష్. అక్కడ కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అంటూ ఒక పట్టిక బోర్డు మీదికి వస్తుంది. ఇంతకుముందు చదివిన అర్థాలే ఇవి అని చెప్పేవారు అరుదు. విద్యార్థి కూడా వాటిని కొత్త పదాలుగానే బట్టీ పడతాడు.

ఈ పాఠంలో మోడల్ క్రియల జాబితా ఇవ్వడం లేదు. అది ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ప్రారంభ, మధ్య, ఉన్నత స్థాయుల్లో తెలుగు అభ్యాసకుడు వీటిని ఎలా వాడతాడు, అతని వాడుకను పుస్తకాలూ కొలబద్దలూ ఎంత సరిగా వివరిస్తున్నాయి అన్నది పరిశీలిద్దాం. ఉదాహరణలు కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల జీవితం నుంచి తీసుకున్నాం. వాక్యాలు బోధన కోసం కల్పించినవే. మీలో ఉపాధ్యాయులుగా పనిచేస్తున్నవారు ఇలాంటివి తమ తరగతి నోటుపుస్తకాల్లో వెంటనే గుర్తుపడతారు.

ఆదోని అభ్యాసకుడు ఖాళీ పలక కాదు

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం, దక్కనీ ఉర్దూ ఇళ్లలోనూ బజార్లోనూ వినిపిస్తాయి. పత్తి మార్కెట్ యార్డులో బేరమాడే మనిషి ఒకే పూటలో మూడు భాషల్లో ‘కావాలి’ అనగలడు: తెలుగులో కావాల, కన్నడంలో బేకు, దక్కనీలో హోనా. ‘రావాలి’ని ఈ ప్రాంతపు నోరు ‘రావల్ల’ అంటుంది, కన్నడం ‘బరబేకు’ అంటుంది. ‘రావచ్చు’కు ‘బరబహుదు’, ‘రాకూడదు’కు ‘బరబారదు’. అంటే విధి, అనుమతి, నిషేధం అనే విభజన ఇక్కడి పిల్లవాడికి రెండు మూడు భాషల్లో ముందే ఉంది. అతనికి కొత్తది అర్థం కాదు. ఆ అర్థాలను ఇంగ్లిష్ ఏ మాటల మధ్య, ఏ హద్దులతో పంచుకుందన్నదే కొత్త.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పుకోవాలి. 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లిష్‌లో ప్రచురించిన ఎ.డి. కాంబెల్, తరువాత ఇదే బళ్లారి జిల్లాకు కలెక్టరుగా వచ్చాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని 1823లో నివేదిక రాసింది ఆయనే. కాంబెల్, 1840లో సి.పి. బ్రౌన్, 1873లో ఆర్డెన్, అందరూ ఇంగ్లిష్ వారికి తెలుగు నేర్పడానికి తెలుగు వ్యాకరణాలు రాశారు. నేర్చుకునేవాడి సొంత భాషను పక్కన పెట్టుకొని కొత్త భాషను వివరించడం ఆ దొరలకు చిన్నతనం అనిపించలేదు. మన పిల్లలకు ఇంగ్లిష్ నేర్పేటప్పుడు మాత్రం తెలుగు మాట ఎత్తితే ‘అనువాద పద్ధతి’ అని ముఖం చిట్లిస్తాం.

మెట్ల లెక్కలో ఏం కనబడదు

కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన ప్రమాణాల చట్రం భాషా సామర్థ్యాన్ని ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుగా విభజించింది. దాని మీద ఆధారపడి, కేంబ్రిడ్జ్ పరీక్షల జవాబుపత్రాల భాండాగారం నుంచి ‘ఇంగ్లిష్ గ్రామర్ ప్రొఫైల్’ తయారైంది. ఏ మోడల్ ఏ అర్థంలో ఏ మెట్టు దగ్గర అభ్యాసకుల చేతికి వస్తుందో అది చూపుతుంది. సామర్థ్యాన్ని చెప్పే కెన్ మొదట్లో వస్తుంది, ఊహను చెప్పే మస్ట్ తరువాత వస్తుంది, గతం గురించి ఊహించే ‘మస్ట్ హావ్’ ఇంకా పైన ఉంటుంది. స్థూలంగా ఈ వరుస నమ్మదగినదే. ఉపాధ్యాయుడికి పాఠ్యప్రణాళిక వేసుకోవడానికి పనికొస్తుంది.

కాని ఒక లోపం ఉంది. ఒక రూపం ఎప్పుడు కనిపించింది అన్నదాన్ని ఈ పద్ధతి బాగా పట్టుకుంటుంది. ఆ రూపం ఉండకూడని చోట ఎంతగా నిండిపోయింది అన్నది మెట్ల పట్టికలో కనబడదు. తెలుగు అభ్యాసకుడి కథలో సగం అక్కడే ఉంది. విల్ సంగతే చూడండి.

‘మా నాయన రోజూ మగ్గం నేస్తాడు’ అన్న వాక్యాన్ని ఎమ్మిగనూరులో ఎనిమిదో తరగతి పిల్లవాడు ‘మై ఫాదర్ విల్ వీవ్ ఎవ్రీ డే’ అని రాస్తాడు. ‘నేను ఐదింటికి లేస్తాను’ అన్నది ‘ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్’ అవుతుంది. కారణం తెలుగులో ఉంది. ‘నేస్తాడు’, ‘లేస్తాను’ అన్న తద్ధర్మ రూపం అలవాటునూ చెబుతుంది, రేపు జరగబోయేదాన్నీ చెబుతుంది. రెండింటికీ ఒకే క్రియ. విల్ అంటే భవిష్యత్తు అని నేర్పి, దానికి ‘వస్తాడు’ అని అర్థం రాయించాక, ‘వస్తాడు’ ఉన్న ప్రతిచోటా విల్ పెట్టడం పిల్లవాడి తర్కం ప్రకారం సరైనదే. ఇంగ్లిష్‌లోనూ విల్ కొన్నిసార్లు ఒక మనిషి స్వభావాన్ని, మానని అలవాటును చెబుతుంది. కాని అది ప్రత్యేక సందర్భం, రోజువారీ పనికి వాడేది కాదు. మెట్ల పట్టిక ఈ పిల్లవాడిని ‘విల్ వచ్చినవాడు’గా లెక్కిస్తుంది. ఉపాధ్యాయుడు ‘సింపుల్ ప్రెజెంట్ రానివాడు’గా లెక్కిస్తాడు. రెండు లెక్కలూ అతని తద్ధర్మార్థక క్రియను చూడలేదు.

ఇదే స్థాయిలో ‘నాకు ఈత వచ్చు’ అన్నది ‘ఐ నో స్విమ్మింగ్’ అవుతుంది. దీని మీద ఎర్ర సిరా ఖర్చు చేయనవసరం లేదని నా అభిప్రాయం. అర్థం దెబ్బతినలేదు. కెన్ బాగా అలవాటయ్యాక అది దానంతటదే సర్దుకుంటుంది. విల్ పొరపాటు అలా సర్దుకోదు, డిగ్రీ దాకా వెంట వస్తుంది.

మధ్య స్థాయి: అర్థమే తలకిందులయ్యే చోటు

మధ్య స్థాయి అభ్యాసకుడికి మోడల్స్ అన్నీ తెలుసు. వాక్యం వ్యాకరణపరంగా తప్పు పట్టేలా ఉండదు. ప్రమాదం అందుకే ఇక్కడ ఎక్కువ. చదివేవాడికి అది తప్పు అని అనుమానం రాదు, వేరే అర్థం తీసుకుంటాడు.

మొదట వ్యతిరేకార్థం చూద్దాం. తెలుగులో ‘రావాలి’కి రెండు వ్యతిరేకాలు ఉన్నాయి: ‘రానక్కర్లేదు’, ‘రాకూడదు’. ‘రావచ్చు’కు కూడా రెండు ఉన్నాయి. అనుమతి అయితే ‘రాకూడదు’, సందేహం అయితే ‘రాకపోవచ్చు’. ఇంగ్లిష్‌లో ‘మే నాట్’ ఒక్కటే ఈ చివరి రెండు పనులూ చేస్తుంది. అంటే ఈ విషయంలో తెలుగుది ఇంగ్లిష్ కంటే తేటైన ఏర్పాటు. అయినా మన అభ్యాసకుడు మస్ట్ అంటే ‘ఆలి’ అని నేర్చుకొని, దానికి నాట్ తగిలిస్తే ‘అక్కర్లేదు’ వస్తుందనుకుంటాడు. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు గుమాస్తా దూరపు ఊరి వ్యాపారికి ‘రేపు మీరు లారీ పంపనక్కర్లేదు’ అని చెప్పాలనుకొని ‘యూ మస్ట్ నాట్ సెండ్ ద లారీ టుమారో’ అని మెసేజ్ పెట్టాడనుకోండి. అవతలివాడు చదివేది ‘పంపావంటే ఊరుకోం’ అని. ‘నీడ్ నాట్’ అన్న రెండు మాటలు తెలిసి ఉంటే చాలు. అవి పాఠంలో ఉంటాయి. కాని జాబితా చివర, ‘డేర్’ పక్కన, పరీక్షకు రాని మూలలో ఉంటాయి.

రెండోది కుడ్. ‘మూడోసారికి పరీక్ష పాసవగలిగాను’ అన్నదానికి ‘ఐ కుడ్ పాస్’ అని రాస్తారు. తెలుగులో ‘గలిగాను’ అంటే శక్తి ఉండడమే కాదు, పని జరిగిపోయిందని కూడా. ఇంగ్లిష్ కుడ్‌లో ఆ రెండో సగం లేదు. ఒక్కసారి సాధించినదాన్ని చెప్పడానికి ‘వాజ్ ఏబుల్ టు’ కావాలి. వ్యతిరేకంలో మాత్రం ఈ చిక్కు లేదు. ‘ఐ కుడ్ నాట్ పాస్’ సరిగానే ఉంటుంది. ఓటమి చెప్పేటప్పుడు ఒప్పు, గెలుపు చెప్పేటప్పుడు తప్పు అయ్యే ఈ వింత గురించి తరగతిలో ఒక్క మాట చెబితే విద్యార్థి జీవితాంతం మరచిపోడు.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ‘ఇవ్వాల్సింది’, ‘ఇవ్వాల్సి వచ్చింది’ అనే రెండు రూపాలు చూడండి. మొదటిదానికి ఇవ్వలేదని అర్థం. రెండోదానికి తప్పక ఇచ్చారని అర్థం. పడమటి కర్నూలు పల్లెల నుంచి ఏటా కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరప కోతలకు. కూలి బాకీ పడిందని ఒక ఇంట్లో చదువుకున్న పిల్లవాడు ఇంగ్లిష్‌లో అర్జీ రాస్తున్నాడనుకుందాం. ‘మేస్త్రీ మాకు రెండు వారాల కూలి ఇవ్వాల్సింది’ అన్నది అతని మనసులో ఉన్న వాక్యం. ‘షుడ్ హావ్ పెయిడ్’ అని రావాలి. అతడు గతకాలపు ‘ఆలి’ అంటే ‘హ్యాడ్ టు’ అని నేర్చుకున్నాడు కనుక ‘ద మేస్త్రీ హ్యాడ్ టు పే అజ్’ అని రాస్తాడు. ఆఫీసులో చదివేవారికి అది మేస్త్రీ డబ్బు ఇచ్చేశాడన్న వాక్యంగా అందుతుంది. అర్జీ తన మీద తానే సాక్ష్యం చెప్పుకుంటుంది. అందులో ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు, కాలం తప్పు లేదు, దిద్దేవాడు టిక్కు పెట్టి వదిలేస్తాడు.

మన వ్యాకరణ పుస్తకాల మీద ప్రధానమైన ఫిర్యాదు ఇదే. 1930ల నుంచి మన దేశంలో చదువుతున్న రెన్ అండ్ మార్టిన్ పుస్తకాన్నే తీసుకోండి. ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన ప్రతి మన ఊళ్లలో పోటీ పరీక్షలకు చదివే ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. వివరణ క్లుప్తంగా, సూటిగా ఉంటుంది. విల్ అన్ని పురుషల్లోనూ వాడే ధోరణి పెరుగుతోందని సవరించిన ప్రతి ఒప్పుకుంటుంది కూడా. కాని ఆ పుస్తకం నుంచి తరగతి గది ఎత్తుకున్నది షల్, విల్ తేడాల తంతు మాత్రమే. నిజ వాడుక చూస్తే షల్ వెనక్కి పోతున్నది. 1961, 1991 సంవత్సరాల బ్రిటిష్ రచనల నుంచి పది లక్షల మాటల చొప్పున తీసిన రెండు భాండాగారాలను పోల్చి, జాఫ్రీ లీచ్ 2003లో లెక్క చూపాడు. షల్ దాదాపు 44 శాతం, మస్ట్ దాదాపు 29 శాతం తగ్గాయి. పోతున్న షల్ మీద ఒక పీరియడ్, కూలి డబ్బు తేల్చే ‘షుడ్ హావ్’ మీద ఒక వరుస. ఈ కేటాయింపు ఎవరు చేశారో గాని, ఆదోని మనిషిని దృష్టిలో పెట్టుకొని చేయలేదు.

గ్రాంథిక ‘గలరు’

ఒక పక్కమాట. ‘సభకు రాగలరు’, ‘విషయం గమనించగలరు’ అని ఆహ్వానాల్లో, నోటీసుల్లో రాస్తాం. ఇక్కడ ‘గల’ శక్తిని చెప్పదు, మర్యాదగా కోరుతుంది. దాన్ని ‘యూ కెన్ అటెండ్’ అని మారిస్తే ‘కావాలంటే రండి’ అన్నట్టు ఉంటుంది. తెలుగులో మర్యాద ‘అండి’లో, బహువచన క్రియలో, ‘కొంచెం’ అన్న మాటలో ఉంటుంది. ఇంగ్లిష్‌లో అందులో పెద్ద వాటా కుడ్, వుడ్ మోస్తాయి. అది తెలియనివాడు ‘కైండ్లీ’, ‘ప్లీజ్’, ‘రిక్వెస్ట్’ మూడింటినీ ఒకే వాక్యంలో పోగేస్తాడు. అతనికి మర్యాద తక్కువై కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ చూపకపోవడం వల్ల.

ఉన్నత స్థాయి: తీర్మానమా, సందేహమా

ఎం.ఏ. స్థాయిలో సమస్య మారుతుంది. ఇక్కడ ప్రశ్న ఒప్పు తప్పులది కాదు, ఎంత గట్టిగా చెబుతున్నాం అన్నది. కెన్ హైలాండ్, జాన్ మిల్టన్ 1997లో 900 మంది కాంటనీస్ మాతృభాషగా గల హాంకాంగ్ విద్యార్థుల పరీక్ష జవాబులను 770 మంది బ్రిటిష్ విద్యార్థుల జవాబులతో పోల్చారు. హాంకాంగ్ విద్యార్థులు కొద్దిపాటి మాటల మీదే ఆధారపడ్డారు, అవసరమైనదానికంటే గట్టిగా తీర్మానించారు. కరిన్ ఐమర్ 2002లో ఉన్నత స్థాయి స్వీడిష్ అభ్యాసకుల వ్యాసాలు చూసినప్పుడు, వారు చాలా మోడల్స్‌ను అవసరానికి మించి వాడుతున్నట్టు తేలింది. పై మెట్టు ఎక్కినవాళ్లందరూ ఒకే చోటుకు చేరరని ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. ఎలీ హింకెల్ 1995లో ఇంకో సంగతి చూపింది. కుటుంబం, చదువు వంటి విషయాల మీద రాసేటప్పుడు ఆసియా విద్యార్థులు మస్ట్, షుడ్ వంటివాటిని వాడే తీరు వారి సంస్కృతి విలువల మీద ఆధారపడి మారుతుంది.

మన వ్యాసరచన చూస్తే ఇది వెంటనే తోస్తుంది. ‘చెట్లు నాటాలి, నీరు వృథా చేయరాదు, పెద్దలను గౌరవించాలి’. తెలుగు వ్యాసం ముగింపు ఆదేశాల వరుస. ఇంగ్లిష్ వ్యాసంలో అదే షుడ్, మస్ట్‌ల వరుస అవుతుంది. దీన్ని భాషా దోషం అనడానికి నేను వెనుకాడతాను. మనం నేర్పిన వ్యాసం అదే. మార్కులు పడేది కూడా దానికే.

అసలు నష్టం మరోచోట ఉంది. ఎమ్మిగనూరు విద్యార్థి ఒకరు చేనేత మీద ప్రాజెక్టు రాస్తున్నారనుకోండి. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఉన్న ఊరు కనుక విషయానికి కొదవ లేదు. ఇంట్లో మాట్లాడేటప్పుడు అదే విద్యార్థి ఎన్ని రకాలుగా తూచి చెబుతాడో గమనించండి. మగ్గాలు ఎందుకు తగ్గాయి? ‘నూలు ధర వల్లనేమో’. ‘నూలు ధర వల్ల కాబోలు’. ‘నూలు ధర వల్లనట’. ‘నూలు ధర వల్ల అయి ఉండవచ్చు’. ‘నూలు ధర వల్లే అయి ఉంటుంది’. ‘నూలు ధర వల్లే అయి ఉండాలి’. తనకు తెలిసిందా, ఊహించిందా, ఎవరైనా చెప్పిందా అన్నది ప్రతి వాక్యం చివర చిన్న ముక్కతో తేలిపోతుంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి వీటిలో ‘వచ్చు’ ఒక్కటే మే, మైట్‌గా దాటుతుంది. మిగిలినవన్నీ ‘ఇట్ ఈజ్ డ్యూ టు యార్న్ ప్రైస్’ అన్న ఒక్క గట్టి తీర్పులో కలిసిపోతాయి. మార్గదర్శకుడు ‘ఇంత కచ్చితంగా చెప్పకూడదు’ అంటే, ప్రతి వాక్యంలో మైట్ చేరుతుంది. ముందు రాసిందీ తరువాత రాసిందీ రెండూ అతడు నిజంగా చెప్పాలనుకున్నవి కావు.

‘అట’కు ఇంగ్లిష్ మోడల్ లేదు. దక్షిణ భారత ఇంగ్లిష్ దానికి ఒక ఉపాయం కనిపెట్టింది: ‘హీ ఈజ్ నాట్ కమింగ్, ఇట్ సీమ్స్’. అంటే ‘వాడు రాడట’. మనలో మనకు ఇది చక్కగా పనిచేస్తుంది. బయటివాడు మాత్రం దాన్ని మాట్లాడేవాడి సొంత అంచనాగా తీసుకుంటాడు. అలాగే ‘ద మీటింగ్ వుడ్ బి హెల్డ్ ఆన్ మండే’ అన్నది మన ఆఫీసు ఉత్తరాల్లో విల్‌కు మర్యాద రూపంగా స్థిరపడింది. దాన్ని తప్పు అని కొట్టేయను. కాని దేశం వెలుపల చదివేవాడు ‘దేని మీద ఆధారపడి?’ అని ఎదురుచూస్తాడని విద్యార్థికి చెప్పడం మన బాధ్యత.

రెండు పుటలు ఎదురెదురుగా

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం మీద 2019 నవంబరులో వచ్చిన ఉత్తర్వులు, 2020 ఏప్రిల్‌లో వాటిని హైకోర్టు కొట్టివేయడం, ఆ వాదాలన్నీ మీకు తెలిసినవే. వాటి జోలికి ఇక్కడ పోను. ఆ కాలంలో వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల వల్ల ఒక మేలు జరిగింది. ఎడమ పుటలో ఇంగ్లిష్, కుడి పుటలో తెలుగు, లేదా అటుదిటు. సైన్సు పాఠంలోనో సాంఘికశాస్త్రంలోనో ‘కావచ్చు’, ‘ఉండాలి’, ‘చేయగలదు’ అన్న మాటలకు ఎదురుగా ఏ మోడల్ ఉందో పిల్లవాడు వేలు పెట్టి చూడగలడు. మోడల్స్ పాఠానికి ఇంతకంటే మంచి సామగ్రి ఉపాధ్యాయుడికి దొరకదు, దీనికి ఖర్చూ లేదు. అయినా ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు ఆ పుస్తకం తెరవడు, అది తన సబ్జెక్టు కాదు కనుక. తెలుగు ఉపాధ్యాయుడూ తెరవడు, అదే కారణంతో.

మీకు అందుబాటులో ఉన్న ఒక ద్విభాషా పాఠ్యపుస్తకం నుంచి ఒక పాఠం తీసుకోండి. తెలుగు పుటలో ‘వచ్చు’, ‘గల’, ‘ఆలి’, ‘కూడదు’, ‘అక్కర్లేదు’ వచ్చిన చోట్లన్నీ గీత గీయండి. ఒక్కొక్కటీ అనుమతా, సామర్థ్యమా, సందేహమా, విధా, నిషేధమా అని పదో తరగతి పద్ధతిలో పేరు పెట్టండి. ఆ తరువాతే ఎదుటి పుట చూడండి. పేరు ఒకటే ఉండి మోడల్ మారిన చోట్లను, మోడల్ ఒకటే ఉండి పేరు మారిన చోట్లను విడివిడిగా రాసుకోండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ రెండు జాబితాలూ వెంట తెచ్చుకోండి.